సుక్మా దాటాక సైకిలు బరువెక్కింది

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. "మొన్నమొన్నటిదాకా లేదు, ఇప్పుడు వచ్చింది" అని రాస్తానేమోనని ఎదురుచూసేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఇప్పుడూ లేదు. పంతొమ్మిదేళ్ళుగా పిల్లలకి సైన్సు చెబుతున్నాను. దిష్టి తీయించుకోమని పక్కింటావిడ నిమ్మకాయలు తెచ్చిస్తే, వాటితో పులిహోర కలిపి ఆవిడకే ఓ గిన్నెడు పంపించిన మనిషిని.

అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే విన్నవాళ్ళలో సగం మంది "అలసట అంతే" అని కొట్టిపారేస్తున్నారు, మిగతా సగం "శాంతి చేయించుకో" అంటున్నారు. ఇద్దరి మాటా నాకు నచ్చలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీకు తోచింది మీరు అనుకోండి.

మాది బచేలి, తెలుగు నేల సరిహద్దు అవతల అడవుల మధ్య ఉన్న ఇనుప గనుల టౌన్‌షిప్. మా నాన్న విజయనగరం వైపు నుంచి గనిలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టింది ఇక్కడే, సైకిలు నేర్చుకున్నదీ ఈ క్వార్టర్ల మధ్యే. మా ఆయన గని వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతకి వెళ్తే ఇక్కడి గిరిజనుల హల్బీ, గోండీ ముక్కలు. మా బతుకులు అలాగే గడిచిపోతాయి.

రెండేళ్ళ కిందట నాకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ అన్నారు. విశాఖపట్నంలో ఆపరేషను, తర్వాత కీమో, ఆ తర్వాత రేడియేషను. మొత్తం పదమూడు నెలలు. అది పోయింది అన్నారు. కానీ జబ్బు కన్నా, జబ్బు తగ్గాక జనం చేసే మర్యాద నన్ను ఎక్కువ చంపింది. నీళ్ళ బిందె ఎత్తనివ్వరు. మెట్లెక్కుతుంటే వెనక ఎవరో ఒకరు చేతులు చాపి నిలబడతారు. స్టాఫ్ రూములో నేను లోపలికి రాగానే మాటలు ఆగిపోతాయి.

అందుకని సైకిలు మీద భద్రాచలం వెళ్తానన్నాను. బచేలి నుంచి గీదం, జగదల్‌పూర్, సుక్మా, కొంట మీదుగా, భద్రాచలంలో ఉన్న మా అక్క ఇంటికి. ఏడు రోజులు. ఒక్కదాన్నే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అమ్మ నన్ను చిన్నప్పటి నుంచీ అంటూనే ఉండేది.

మా ఆయన పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు అన్నాడు, "సరే వెళ్ళు. నీవల్ల కాకపోతే ఫోన్ చెయ్యి, ఎక్కడున్నా జీపు తీసుకొస్తాను. కానీ ఒకసారి జీపెక్కావా, ఇంక ఈ సైకిలు మాట నా దగ్గర ఎత్తకూడదు." నేను ఒప్పుకున్నాను. అది పందెం కాదు, అంతకన్నా పెద్దది. ఒక్కసారి జీపెక్కితే ఇక జన్మంతా నన్ను జీపులోనే తిప్పుతారని నాకు తెలుసు.

ఇంట్లో చెప్పని సంగతి ఇంకొకటుంది. తిరిగొచ్చిన వారానికి విశాఖలో చెకప్ ఉందని వాళ్ళకీ తెలుసు. కానీ ఆ స్కానులో ఏం వస్తుందో అనే భయం నన్ను పగలూ రాత్రీ తినేస్తోంది. అందులో ఏమొచ్చినా సరే, దానికి ముందే వెళ్ళొచ్చెయ్యాలనుకున్నాను.

సైకిలు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ముందు ముందు అవసరం. గేర్లున్న సైకిలు, పాతదే, గట్టిది. ఎడమ చెయ్యి బరువులు ఎత్తకూడదు కాబట్టి సామాను తక్కువ పెట్టుకున్నాను. సంచులు రెండూ ముందు చక్రానికి చెరో పక్క వేలాడతాయి. వెనక క్యారియర్ ఖాళీ. రోజూ రాత్రి ఉతికిన కుర్తా పొద్దుటికి ఆరకపోతే దాన్ని క్యారియర్ మీద ఒకే పొరగా పరిచి, రబ్బరు తాళ్ళు బిగించి బయల్దేరేదాన్ని. బయల్దేరేముందు మా ఆయన వర్క్‌షాపు కాటా మీద సంచులతో సహా సైకిలు తూచి చూశాడు. ఇరవై నాలుగు కిలోలు.

మొదటి ఐదు రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. దర్భా ఘాటీ కొండదారిలో మాత్రం దిగి నెట్టుకుంటూ వెళ్ళాను. రాత్రిళ్ళు తెలిసిన టీచర్ల ఇళ్ళల్లో పడుకున్నాను. ఒక పోలీసు క్యాంపు దగ్గర గేటు ముందున్న జవాను నన్ను ఆపి, రిజిస్టరులో పేరు రాసుకుంటూ, "అకేలీ?" అని మూడుసార్లు అడిగాడు. "అకేలీ. ఔర్ కిత్‌నే చాహియే?" అన్నాను, ఒక్కదాన్నే, ఇంకెంతమంది కావాలి అని. నవ్వి వదిలేశాడు.

ఆరో రోజు పొద్దున సుక్మాలో బయల్దేరాను. ఆ రోజు కొంట చేరాలి. పది కిలోమీటర్లు దాటాక రోడ్డు పక్కన నీడ కనబడితే ఆగాను.

ఈ వైపు చనిపోయినవాళ్ళ పేరున రోడ్డు పక్కన రాళ్ళు నిలబెడతారు. ఇప్పుడు సిమెంటు దిమ్మెలు కూడా కడుతున్నారు. వాటి మీద ఆ మనిషికి ఏది ఇష్టమో దాన్ని రంగులతో బొమ్మ వేయిస్తారు. ఒకరికి ట్రాక్టరు, ఒకరికి కోడిపుంజు, ఒకరికి డోలు. మా టౌన్‌షిప్ వాళ్ళం వీటిని పుట్టినప్పటి నుంచీ చూస్తూ, చూసీ చూసీ, కిలోమీటరు రాళ్ళతో సమానం చేసేశాం. ఎవరి పేరున నిలబెట్టారో ఎప్పుడూ ఆగి చూడం. ఆ రోజు నేనూ అదే చేశాను. నీడలో ఒక రాయి కనబడితే సైకిలు దానికి ఆనించి, సీసా మూత తీశాను.

అవతల చింతచెట్టు కింద ఒక పెద్దావిడ చింతపండు మూట పక్కన పెట్టుకుని ముందున్న దోర్నపాల్ ఊరికి వెళ్ళే ఆటో కోసం కూర్చుని ఉంది. ఆవిడ దోర్లా తెగ మనిషి, తెలుగు బాగానే మాట్లాడింది.

"ఏందమ్మా, ఆ రాయికి ఆనిచ్చినవ్?" అంది.

అప్పుడు చూశాను రాయి మీద బొమ్మ. ఎర్ర చీర కట్టుకున్న ఆడమనిషి సైకిలు తొక్కుతోంది. హ్యాండిలుకి సంచి. రాసిన పేరు వానలకి చెరిగిపోయింది.

"మా చిన్న కోడలు. మితానిన్ పని చేసేది. ఇంటింటికి మందు గోలీలు పంచేది. సైకిలంటే పానం దానికి. ఆఖర్న మూడు నెల్లు మంచం దిగలే," అంది పెద్దావిడ. మూట దగ్గరికి లాక్కుని, "సైకిల్ ఆనిస్తే ఎక్కుతది. ఇన్ని నీళ్ళు పోసి, పోయొస్తనని చెప్పి పో తల్లీ," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు. జబ్బు చేసి చచ్చిపోయి, రాతి మీద సైకిలు తొక్కుతున్న ఆ ఆడమనిషిని చూస్తే మండింది. ఏడాది పైగా నాకు తాయెత్తులు, కుంకాలు, మొక్కులు తెచ్చిన వాళ్ళందరూ గుర్తొచ్చారు. "చచ్చిపోయినవాళ్ళు సైకిలెక్కరు పెద్దమ్మా," అన్నాను. ఆవిడ ముందే గటగటా నీళ్ళు తాగి, మూత బిగించి, సైకిలెక్కాను. కోడలు పోయిన మనిషితో అనాల్సిన మాట కాదు అది. కానీ అన్నాను.

వంద గజాలు వెళ్ళానో లేదో, సైకిలు బరువెక్కింది.

మొదట గేరు అనుకున్నాను. మార్చాను. లాభం లేదు. దిగి వెనక చక్రం పైకెత్తి తిప్పాను, రయ్యిమని తిరిగింది. బ్రేకు రాసుకోవడం లేదు. ట్యూబులో గాలి నొక్కి చూశాను, రాయిలా ఉంది. ఎదురుగాలి లేదు, రోడ్డు బల్లపరుపు. దిగి నెట్టుకుంటూ నడిస్తే తేలిగ్గా వస్తోంది. ఎక్కి తొక్కితే మళ్ళీ బరువు. నేను దిగితే తనూ దిగి, నేను ఎక్కితే తనూ ఎక్కినట్టు. ఆ మాట అప్పుడే మనసులోకి వచ్చింది, వెంటనే తిట్టుకున్నాను.

చిన్నప్పుడు చెల్లెల్నో తమ్ముడినో క్యారియర్ మీద ఎక్కించుకుని తొక్కినవాళ్ళకి ఇది తెలుస్తుంది. వెనక మనిషుంటే ముందు హ్యాండిలు తేలిగ్గా అయిపోతుంది. వాళ్ళు కాస్త సర్దుకుని కూర్చుంటే చేతుల్లో కుదుపు తెలుస్తుంది. సరిగ్గా ఆ కుదుపే. దోర్నపాల్ చేరేలోపు ఐదారుసార్లు. నా సంచులేమో ముందున్నాయి, ముందు బరువుండాలి. లేదు.

భుజం మీద చెయ్యి పడలేదు. ఎవరి ఊపిరీ వినపడలేదు. చల్లగాలి వీచలేదు. అలాంటివేవీ జరగలేదు, జరిగాయని అబద్ధం చెప్పను. ఎండ ఫెళ్ళున కాస్తోంది, లారీలు పోతున్నాయి, వెనక్కి తిరిగి చూస్తే నా నీలం కుర్తా తప్ప ఏమీ లేదు.

దోర్నపాల్‌లో చింతపండు కొనే సేఠ్ దుకాణం ముందు తూకం యంత్రం కనబడింది. నేల మీద పెట్టే పెద్ద పళ్ళెం, అంకెలు ఎర్రగా వెలుగుతాయి. తూచి చూడమని అడిగితే ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "దీదీ, సైకిల్ బేచ్‌నా హై క్యా?" అన్నాడు. అమ్మడానికి కాదు, తూచండి చాలన్నాను. బస్తాలు జరిపించి ఎక్కించాడు. ఇరవై నాలుగు కిలోలు. బచేలిలో ఎంతో ఇక్కడా అంతే.

తర్వాత సైకిలు దింపి నేను ఎక్కాను. ఇంటి దగ్గర ఉన్నదానికన్నా రెండు కిలోలు తక్కువ.

ఆరు రోజులు సైకిలు తొక్కితే ఎవరైనా రెండు కిలోలు తగ్గుతారు. ఆ ముక్క పిల్లలకి నేనే చెప్పగలను. కానీ విశాఖలో డాక్టరు గారు చెప్పిన మాట అప్పుడే గుర్తుకు రావాలా? కారణం లేకుండా బరువు తగ్గినా, ఒంట్లో సత్తువ తగ్గినా వెంటనే రమ్మన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. సైకిలు బరువు పెరగలేదు. అంటే తొక్కే మనిషిలో బలం తగ్గింది. మరో అర్థం లేదు.

ఆ దుకాణం అరుగు మీద కూర్చుని టీ తాగుతూ జీవితంలో ఎన్నడూ అనుకోని మాట అనుకున్నాను. ఇది దెయ్యమైతే బాగుండును. నిజంగా, మనస్ఫూర్తిగా అనుకున్నాను. దెయ్యమైతే కొంటలో దిగిపోతుంది. అదే జబ్బైతే నాతోపాటే ఇంటికొస్తుంది. భయపడ్డానని చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

దోర్నపాల్ దాటాక ఒకచోట రోడ్డు మెల్లగా ఎత్తుకి పోతుంది. మామూలు రోజుల్లో అది ఎత్తని కూడా తెలియదు. ఆ రోజు సగంలో నా కాళ్ళు ఆగిపోయాయి. ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాను. ఫోన్ తీశాను. సిగ్నల్ ఉంది. మా ఆయన నంబరు మీద వేలు పెట్టాను. నాలుగైదు గంటల్లో జీపు వచ్చేస్తుంది. ఒక్క మాట కూడా అనడు, నాకు తెలుసు. ఏమీ అనకుండా నన్ను ఎక్కించి, సైకిలు వెనక పడేసి, దారంతా ఏసీ ఎక్కువైందా తక్కువైందా అని అడుగుతాడు. అది తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది.

ఫోన్ లోపల పెట్టేశాను. వెనక్కి తిరగలేదు. ముందుకే చూస్తూ, పైకే అన్నాను. ఆ పక్కన మేకలు కాస్తున్న ఒకాయన నన్ను పిచ్చిదనుకుని ఉంటాడు, అనుకోనీ.

"నువ్వు మూడు నెలలు మంచం దిగలేదట. నేను పదమూడు నెలలు. ఎక్కితే ఎక్కావు, గట్టిగా కూర్చో. దిగాల్సి వస్తే నువ్వు దిగు. నేను దిగను."

అని తొక్కాను. బరువు తగ్గలేదు. ఆ మాటతో సైకిలు గాలిలో తేలిపోయిందని రాస్తే బాగుంటుంది గానీ, తగ్గలేదు. తొడలు మండిపోయాయి. ఎడమ చెయ్యి వాచింది. నోట్లో ఉప్పగా అయింది. పళ్ళు బిగించి, బూతులు తిట్టుకుంటూ తొక్కాను. ఆ ఎత్తు ఎక్కేశాను. ఆ తర్వాత ఇంకో ఎత్తు, అదీ ఎక్కాను. ఎర్రబోరు అనే ఊరు వచ్చింది, ఆగి నీళ్ళు తాగాను, మళ్ళీ ఎక్కాను, మళ్ళీ అదే బరువు.

ఎర్రబోరు దాటి నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళాక, ఒక కల్వర్టు దగ్గర, అది పోయింది. మెల్లగా కాదు, ఒక్కసారిగా. ఇద్దరి కోసం తొక్కుతున్న కాలికి ఒక్కరి బరువే తగిలితే ఏమవుతుంది? సైకిలు ముందుకి దూకింది, నేను పడబోయి తమాయించుకున్నాను. సమయం రెండున్నర దాటింది. దిగి చూశాను. కల్వర్టు, ఎండిన వాగు, ఒక ఆవు. ఏ రాయీ లేదు, ఏ గుర్తూ లేదు. అక్కణ్ణుంచి ఏ ఊరికి దారి ఉందని దార్లో ఎదురైనవాళ్ళని అడిగాను. ఆ చుట్టుపక్కల ఇళ్ళే లేవన్నారు.

కొంటలో వెనక చక్రం టకటకమంటుంటే బస్టాండు దగ్గర సైకిలు మెకానిక్కుకి చూపించాను. పోచలు, అంటే స్పోకులు, రెండు తెగాయన్నాడు. తర్వాత కుర్తా తీసి పక్కన పెట్టి, క్యారియర్ వైపు కాసేపు చూశాడు.

"ఎవల్ని ఎక్కించుకొచ్చిన్రు మేడం? డబుల్ సవారీ చేస్తే గిట్లనే అయితది," అన్నాడు.

క్యారియర్ మధ్యలో నులక మంచంలా కిందికి వంగిపోయి ఉంది. పొద్దున సుక్మాలో కుర్తా పరిచినప్పుడు తిన్నగా ఉంది. పరిచింది నేనే. తాళ్ళు బిగించింది నేనే.

అప్పుడు కుర్తా చేతిలోకి తీసుకున్నాను. పొద్దుటి నుంచి ఆరేడు గంటలు మండుటెండలో ఒకే పొరగా పరిచి ఉన్న గుడ్డ. అంచులన్నీ పెళపెళలాడుతున్నాయి. మధ్యలో జానెడున్నర మేర ఇంకా తడిగా ఉంది. ఎండ తగలని చోట ఉన్నట్టు. మెకానిక్కు చేతికిచ్చి పట్టుకుని చూడమన్నాను. చూశాడు. "తడుంది," అన్నాడు. పోచల డబ్బులు తీసుకున్నాడు.

నాకు వచ్చింది భయం కాదు. ఆ బస్టాండులో అందరి ముందూ గట్టిగా నవ్వాను. అయితే నా బలం తగ్గలేదన్నమాట అనుకున్నాను. మర్నాడు భద్రాచలం దాకా ఎక్కడా ఏ బరువూ లేదు. అక్క హారతి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడితే, ఆ పళ్ళెం తీసి పక్కన పెట్టి ముందు అన్నం పెట్టమన్నాను.

తిరుగు ప్రయాణం బస్సులో, సైకిలు బస్సు మీద. ఆ రాయి దగ్గర బస్సు ఆగలేదు. ఇంకోసారి ఆ దారిన వెళ్తే నీళ్ళు పోస్తావా అని మీరు అడగొచ్చు. పోస్తాను. భయపడి కాదు. పెద్దావిడ అడిగింది, ఆవిడకి నేను మర్యాద బాకీ ఉన్నాను, అంతే.

మా ఆయనకి అంతా చెప్పాను. నవ్వలేదు. క్యారియర్ విప్పి తీసుకెళ్ళాడు. అలాంటిదే కొత్తది ఇంకొకటి కొని వర్క్‌షాపులో బిగించి దాని మీద బరువులు పేర్చుకుంటూ పోయాడట. నలభై అయిదు కిలోల దగ్గర అదే చోట వంగిందట. ఆ మాట నాకు చెప్పి, ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు.

పై వారం విశాఖ వెళ్ళాం. స్కానులో కుడి ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనబడింది. ముక్క తీసి పరీక్ష చేసి, అదే జబ్బు మళ్ళీ వచ్చిందన్నారు. నేను డాక్టరు గారికి దోర్నపాల్ రోడ్డు సంగతి చెప్పాను. రాయి గురించి కాదు, బరువు గురించి. ఆ బరువు దీనివల్లేనా అని అడిగాను. ఆయన స్కాను ఫిల్ము దీపం ముందు పెట్టి మళ్ళీ చూసి, ఇంత చిన్నదానికి అలా ఉండదమ్మా, పైగా అలా వచ్చి అలా పోదు అన్నాడు. మరి ఏమిటది అన్నాను. తెలియదన్నాడు. తెలియదని ఒప్పుకున్న డాక్టర్ని నా అనుభవంలో ఆయన్నే చూశాను.

కాబట్టి లెక్క ఇలా మిగిలింది. నా ఒంట్లో జబ్బు ఉంది, కానీ ఆ బరువు దానిది కాదంటున్నారు. క్యారియర్ మీద నలభై అయిదు కిలోలు ఉండి తీరాలి, కానీ తూకం యంత్రం లేదంది. కుర్తా ఎందుకు తడిగా ఉందో ఎవరూ చెప్పడం లేదు. సైన్సు టీచరుగా నా దగ్గర సమాధానం లేదు. దెయ్యమంటే నేను ఒప్పుకోను. అలసటంటే అసలే ఒప్పుకోను.

సోమవారం నుంచి మళ్ళీ కీమో. జుట్టు మళ్ళీ పోతుంది, పోనీ. చివర్లో ఇంకేమైనా అడగాలా అని డాక్టరు గారు అడిగితే, సైకిలు ఎప్పుడు ఎక్కొచ్చని అడిగాను. ఆయన మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూసి, "ఆవిడనే అడగండి," అన్నాడు.

ఆ రోజు నాతో ఎవరు వచ్చారో, అసలు ఎవరైనా వచ్చారో లేదో, ఇప్పటికీ నాకు తెలియదు. కానీ ఆ బరువు ఎవరిదైనా, దాన్ని ఎర్రబోరు దాటించింది మాత్రం ఈ కాళ్ళే.